వేషానికి పేరుండదు

చింతపండు పెట్టి రుద్దినా ఆ ఎరుపు వదల్లేదు.

గంగాధరం పెరట్లో కుళాయి దగ్గర గొంతుకూర్చుని కుడి అరచేతిని రుద్దుకుంటూనే ఉన్నాడు. సబ్బు అయింది, బూడిద అయింది, చివరికి చింతపండు. నూనెలో కలిపిన కుంకుమ అంత తేలిగ్గా పోతుందా! చర్మం మండుతోంది గాని, రంగు మాత్రం నిన్న సాయంత్రం ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

వంటింట్లో అతని భార్య యశోదమ్మ ఇంకా పొయ్యి వెలిగించలేదు. పీట మీద కూర్చుని గోడకేసి చూస్తోంది. నిన్నటి నుంచి మొగుడూ పెళ్లాల మధ్య ఒక్క మాట లేదు.

వీధి అరుగు మీద వాళ్ల కొడుకు చెంగల్రాయుడు కూర్చున్నాడు. పదమూడేళ్లవాడు. నడుముకు ఎర్రగుడ్డ, మెడలో వాడిపోయిన పూలదండ, తల నుంచి పాదాల దాకా కుంకుమ. ఒక్క ఎడమ చెంప మీద మాత్రం నాలుగు వేళ్ల మేర ఎరుపు చెరిగిపోయి అసలు రంగు కనబడుతోంది. అక్కడ ఉండాల్సిన కుంకుమే ఇప్పుడు తండ్రి అరచేతిలో ఉంది.

రాత్రి వాడు లోపలికి రాలేదు. అన్నం తినలేదు. మొహం కడుక్కోలేదు.

తిరుపతిలో అది గంగమ్మ జాతర వారం. మంగళవారం చాటింపు వేశారు. బుధవారం బైరాగి వేషం, నిన్న గురువారం బండవేషం. బండవేషం అంటే ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వీధి వీధీ తిరిగి, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ బూతులు తిట్టడం. తిట్టేది మనిషి కాదు, అమ్మవారు. అందుకని తిట్టించుకున్నవాళ్లు చేతులు జోడించి నవ్వుకుంటూ పోతారు. ఆ తిట్టు తగిలితే ఏడాదంతా చీడాపీడా రాదని ఊరి నమ్మకం. ఆ తిట్లేమిటో ఇక్కడ రాస్తే వచ్చేవారం ఈ కథ అచ్చయ్యే ఆశ లేదు గనుక పాఠకులే ఊహించుకోవాలి.

అలాంటి వేషంలో ఉన్న కొడుకును నిన్న నడివీధిలో గంగాధరం చెంపకేసి కొట్టాడు.

*

"ఏమి గంగాధరం, కడుక్కుంటే పోతాదా అది?"

ఇల్లుగల చంద్రకాంతమ్మ పెరటి గుమ్మంలో నిలబడింది. నలుగురు బిడ్డల్ని ఆ ఇంట్లోనే పెంచి పెద్ద చేసిన మనిషి. ముందు వాటాలో ఆమె, వెనక వాటాలో గంగాధరం కుటుంబం. నిన్న చెంగల్రాయుడికి ఒళ్లంతా కుంకుమ పూసింది ఆమె చేతులే.

"తెల్లారినప్పటి నుంచి సూస్తా ఉండా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"తెలీక జరిగిపోయిందక్కా."

"తెలీక ఏముండాది? వేషం మీదుండే బిడ్డ అమ్మతో సమానం. అమ్మని కొట్టినావు. అదొక తప్పు. వేషం మీదుండే బిడ్డని పేరు పెట్టి పిలవగూడదు. 'డేయ్ చెంగల్రాయా' అని ఊరంతా ఇనేట్టు అరిచినావు. అది ఇంకా పెద్ద తప్పు. వేషానికి పేరుండదప్పా. పేరు పెట్టి పిలిస్తే అమ్మ దిగిపోతాది."

గంగాధరం మళ్లీ చెయ్యి కుళాయి కింద పెట్టాడు.

"బిడ్డకి అమ్మవారు పోసినప్పుడు మీ ఆడది ఈ గడప మీద తల కొట్టుకోని ఏడ్చింది. 'బిడ్డ లేస్తే వేషం కట్టిస్తా తల్లీ' అని మొక్కుకునింది. బిడ్డ లేచినాడా లేదా? ఆ మొక్కు ఇప్పుడు సగంలో నిలబడిపోయుండాది. దెబ్బ తిన్న వేషం గుడి మెట్టెక్కదు. గుడికి పోకుండా కుంకుమ దించగూడదు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"కొట్టినోడు పోయి వేషం కాళ్ల మీద పడాల. అమ్మ యాపాకు తల మీద పెట్టి దీవిస్తాది. అప్పుడు బిడ్డ గుడికి పోయొస్తాడు. తెలీనోడు చేసిన తప్పని అమ్మ ఒకసారి ఓర్చుకుంటాది. ఇంకోసారి పేరెత్తినావంటే మాత్రం మొక్కు పోయినట్టే. బిడ్డ కత నేను సెప్పలేను."

గంగాధరం లేచి నిలబడ్డాడు. పంచెకు చెయ్యి తుడుచుకున్నాడు. పంచెకూ అంటింది.

"కన్నకొడుకు కాళ్ల మీద పడాల్నా నేను?"

"కొడుకు కాళ్లు కాదబ్బా, అమ్మ కాళ్లు."

"అమ్మ కాళ్లయితే పడతా. కానీ నిన్న నన్ను తిట్టింది అమ్మ కాదక్కా. వాడే. వాణ్ణి మధ్యాన్నం బస్సుకు సత్యవేడుకు తీసకపోతా ఉండా. మా యమ్మ కాడ వదిలేసొస్తా. ఇంక ఆడనే సదువుకుంటాడు."

చంద్రకాంతమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "చాటింపు అయినాక ఊరోళ్లు పొలిమేర దాటగూడదని తెలీదా నీకు?"

"మేం ఈ ఊరోళ్లం కాదక్కా."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అని ఆమె విసురుగా వెళ్లిపోయింది.

*

ఆఫీసుకు రాని అటెండర్ని వెతుక్కుంటూ హెడ్ గుమాస్తా ఇంటికి రావడం ఎక్కడైనా జరుగుతుందా? ఆ రోజు జరిగింది. నిన్న గంగాధరంతో కలిసి తాము పనిచేసే సత్రం ఆఫీసు నుంచి నడిచి వస్తూ అంతా కళ్లారా చూసినవాడు ఈ హెడ్ గుమాస్తా సారంగపాణి. నుదుటిన నిలువు నామం, చంకలో గొడుగు. అరుగు దగ్గరకు రాగానే చెప్పులు విడిచి, వేషంలో ఉన్న పిల్లవాడికి చేతులు జోడించి మరీ నిలబడ్డాడు.

గంగాధరం పరుగెత్తుకొచ్చాడు. "సామీ, మీరొచ్చినారా! నిన్న నా కొడుకు మిమ్మల్ని అనరాని మాటలు అన్నాడు. మన్నించాల."

"మన్నించేదేముంది? మా నాయన కాలం నుంచి తిట్టించుకుంటా ఉండాం మేము. ఏ యేడైనా ఎవరూ తిట్టకపోతే భయమేస్తుంది నాకు." సారంగపాణి నవ్వాడు. "నీ కొడుకు నన్నేమన్నాడో మా యింట్లో చెప్పినా. సగం నిజమేలెండి అనింది మా ఆవిడ."

ఇంకో రోజైతే గంగాధరం కూడా నవ్వేవాడు.

"ఆఫీసుకు రాలేదేమప్పా?"

"ఊరికి పోతా ఉండా సామీ. వీణ్ణి దించేసి రేపు పొద్దున్నే వచ్చేస్తా."

"దించేసి అంటే? సెలవులకా?"

"కాదు సామీ. మొత్తంగానే. ఈ ఊరు వాడి తలకెక్కింది."

సారంగపాణి గొడుగు గోడకు ఆనించి, గొంతు తగ్గించాడు. "నేనొకటి అడగతా, ఏమీ అనుకోవద్దు. నన్ను తిట్టినప్పుడు నువ్వూ నవ్వినావు గంగాధరం. నేను చూసినా. నిన్ను తిట్టడం మొదలుపెట్టినప్పుడూ నవ్వుతానే ఉండావు. 'కర్రోణ్ణి కటికోడికి అమ్మినోడా' అన్నాడు చూడు, అప్పుడు నీ చెయ్యి లేచింది. ఎవరప్పా ఆ కర్రోడు?"

గంగాధరం నేలకేసి చూశాడు. లోపల వంటింట్లో ఏదో గిన్నె కింద పడి దొర్లిన చప్పుడయింది.

"ఎద్దు సామీ."

చెప్పింది చెంగల్రాయుడు. నిన్న సాయంత్రం తర్వాత వాడు నోరు విప్పడం అదే మొదలు.

"మాది. నల్ల ఎద్దు. నేను పుట్టినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉండింది. ముసిలిదైపోయింది. ఈడికి వచ్చేటప్పుడు మా మామోళ్ల ఇంట్లో వదిలినామని సెప్పినారు నాతో. అంతా అబద్దం. మా నాయన కటికోడికి అమ్మేసినాడు."

తండ్రి కాదనలేదు. అవుననీ అనలేదు.

సారంగపాణి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వేలు పెట్టకూడని చోట వేలు పెట్టానని ఆయనకు అర్థమైంది. గొడుగు తీసుకున్నాడు.

"తిట్టు తగిలితే మంచిదంటారు మా పెద్దలు. నిజం తగిలితే ఏమవుతాదో చెప్పలేదప్పా," అని, మళ్లీ ఒకసారి పిల్లవాడికి దండం పెట్టి వెళ్లిపోయాడు.

*

"ఎవురు సెప్పినారు వాడికి?"

గంగాధరం వంటింటి గడప మీద నిలబడి అడిగాడు. యశోదమ్మ కింద పడ్డ గిన్నెను ఎత్తి బోర్లించింది. మళ్లీ ఎత్తి వెల్లకిలా పెట్టింది.

"నిన్నే అడగతా ఉండేది. ఆ సంగతి తెలిసింది మనిద్దరికే. నేను సెప్పలా."

"నేనే సెప్పినా."

"ఏమని?"

ఆమె మౌనంగా ఉంటే గంగాధరానికి ఎప్పుడూ భయమే. అరిచినప్పుడు ఎంత సేపట్లో ఆగుతుందో తెలుసు గాని, మౌనం ఎక్కడికి పోతుందో తెలీదు.

"ఏమని సెప్పినావే?"

"నువ్వు అమ్మినావని."

గంగాధరం ఆమెకేసి అలాగే చూశాడు. కొడతాడేమో అనుకుంది. తిడతాడేమో అనుకుంది. అతను తలుపు చెక్కకు ఆనుకుని, నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు.

"సెలవులిచ్చినప్పటి నుంచి ఒకటే పోరు," ఆమె తనకు తానే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "వరదయ్యపాలెం పోదాం మా, మామోళ్ల ఇంట్లో కర్రోణ్ణి సూసొద్దాం మా అని. దానికి పెట్టాలని చెరుకు తుంటలు దాచి పెట్టుకున్నాడు, గుడ్డలో చుట్టి. చీమలు పట్టినాయి. ఆ చీమల్ని దులపతా ఉంటే వాడి మొకం సూసి ఇంక నా వల్ల కాలా. ఎన్నాళ్లు అబద్దం ఆడేది?"

"అబద్దం ఆడలేక ఇంకో అబద్దం ఆడినావు."

యశోదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"సరేలే," అన్నాడు గంగాధరం. "అట్లనే ఉండనీ. నేనే అమ్మినాననుకోనీ వాడు. నా మీద కోపముంటే ఏమయితాది? తండ్రి మీద కోపం లేని కొడుకు యాడుంటాడు?"

"వాణ్ణి తీసకపోవద్దబ్బా."

"వాడు ఈడ ఉంటే రోజూ నీ మొకం సూస్తా ఉంటాడు. ఏదో ఒకనాడు నీ నోటి నుంచే ఇంటాడు. ఆడ మా యమ్మ కాడ ఉంటే ఆ బాధ లేదు."

అటక మీది ట్రంకుపెట్టె దించాడు. కొడుకు చొక్కాలు అందులో వేశాడు. అన్నిటికన్నా పైన, మొన్న ఉగాదికి వాడు ఏడ్చి కుట్టించుకున్న బెల్‌బాటమ్ ప్యాంటు. కింది అంచు రెండు పాదాల్నీ మింగేసేంత వెడల్పు. దాన్ని మడత పెడుతున్నప్పుడు గంగాధరం చేతులు ఆగిపోయాయి. సత్యవేడులో ఇది వేసుకుని ఎవరికి చూపిస్తాడు?

*

పోయిన ఏడు బడులు తెరిచినప్పుడు చెంగల్రాయుడు తిరుపతి బడిలో అడుగు పెట్టాడు. అరవనాడు పక్కనే ఉన్న సత్యవేడులో ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. ఏ మాట ఏ భాషదో అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ మొదటిరోజే పక్కవాణ్ణి 'డేయ్' అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. మీ ఊళ్లో ఏం చేసేవాళ్లని అయ్యవారు అడిగితే, ఉన్నదున్నట్టు తమ ఎద్దుల సంగతీ సేద్యం సంగతీ చెప్పుకొచ్చాడు. ఆ రోజు నుంచి వాడి పేరు అరవెద్దు.

పెద్దవాళ్లయితే ఇలాంటివాటికి కోర్టుకెక్కుతారు. పిల్లలకు కోర్టుల్లేవు. వాడు మాట మార్చుకున్నాడు. పాపిడి మార్చుకున్నాడు. అలిపిరి మెట్ల మీద సావాసగాళ్లతో పందెం వేసి పరుగెత్తడం నేర్చుకున్నాడు. బడికి రాగిసంగటి ముద్ద కట్టొద్దని అమ్మతో చెప్పాడు. ఇంట్లో తండ్రి అరవం మాట అంటే 'తెలుగులో మాట్లాడు నాయనా' అని కిటికీకేసి చూసేవాడు. ఇంత చేసినా వాడు అరవెద్దే.

ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ట్రంకుపెట్టెతో అరుగు మీదికొచ్చిన గంగాధరానికీ తెలీదు.

"లెయ్. మొకం కడుక్కో. బస్సుకు టైమయితా ఉండాది," అన్నాడు. పేరు నాలుక దాకా వచ్చింది. మింగేశాడు.

"నేను రాను."

"రాక? ఈడ ఎవురుండారు నీకు?"

"నా సావాసగాళ్లు ఉండారు."

"మన ఊళ్లో లేరా?"

"నా ఊరు ఇదే."

"ఇదెట్ల అయితాదిరా నీ ఊరు? ఏడాది కాలా వచ్చి! ఈ ఊరోళ్లు కొట్టమంటే కొడతావు, తిట్టమంటే తిడతావు. కన్నోణ్ణి నడివీధిలో నిలబెట్టి..."

"నువ్వు కొట్టినందుకు కాదు నాయనా."

వాడి గొంతులో కోపం లేదు. అదే గంగాధరాన్ని ఆపింది.

"కొడితే ఏముండాది? ఎన్నిసార్లు కొట్టలా? నువ్వు పేరు పెట్టి పిల్చినావు."

"పేరు పెట్టి పిలిస్తే?"

"బళ్లో నన్ను అరవెద్దు అంటారు." వాడు మోకాళ్లకేసి చూస్తూ చెప్పాడు. "చేరినప్పటి నుంచీ అంతే. ఏం మాట్లాడినా నవ్వతారు. నిన్న మొకం నిండా కుంకుమ పూసుకుంటే నేనెవురో ఎవురికీ తెలీలా. శెట్టి కొడుకూ, అయ్యవారి కొడుకూ, నేనూ అందరం ఒకటే ఎరుపు. ముసిలోళ్లు కూడా నాకు మొక్కినారు. ఈ ఊరికొచ్చినాక నన్ను సూసి ఎవురూ నవ్వంది నిన్న ఒక్కరోజే నాయనా. నువ్వొచ్చి 'డేయ్ చెంగల్రాయా' అని అరిచినావు. అందరూ తిరిగి సూసినారు. ఓహో, ఇది మన అరవెద్దా అని వాళ్లలో ఒకడన్నాడు. నువ్వు ఇనలా. నేను ఇన్నా."

గంగాధరం చేతిలో ట్రంకుపెట్టె బరువైంది. కింద పెట్టాడు.

సత్రం ఆఫీసులో అతన్నీ ఎవరూ పేరు పెట్టి పిలవరు. "ఏయ్ సత్యవేడూ, కాఫీ పట్రా." "సత్యవేడూ, ఈ బెంచీ అవతల పెట్టు." రోజంతా అదే. సారంగపాణి ఒక్కడే గంగాధరం అంటాడు. ఇంటికొచ్చి ఆ మాట పెళ్లానికి చెప్పుకోలేదు. చెప్పుకుంటే తల తీసేసినట్టుంటుందని. కొడుకు కూడా అదే బరువు మోస్తూ, అదే మాదిరి దాచుకుంటూ, అదే ఇంట్లో అదే సంగటి తిన్నాడన్నమాట! గంగాధరానికి ఏడుపొచ్చింది. మొగవాడు వీధి అరుగు మీద ఏడవకూడదు గనుక దగ్గాడు.

వెనక్కి తిరిగి, ముందు వాటా తలుపు తట్టాడు.

"అక్కా, యాపమండలు యాడుండాయి? నేను మొక్కుతా."

*

కబురుకు కాళ్లుంటాయి. చంద్రకాంతమ్మ వేపమండలూ కొబ్బరికాయా తెచ్చేలోపల వీధి సగం అరుగు ముందు చేరింది. శుక్రవారం తోటివేషం రోజు. ఒళ్లంతా బొగ్గు పూసుకున్న పిల్లల గుంపు ఒకటి డప్పుతో సందు మలుపు తిరిగింది. వాళ్లలో చెంగల్రాయుడి క్లాసు పిల్లలున్నారు. అరుగు మీద ఏదో జరుగుతోందని కనిపెట్టి డప్పు ఆపారు.

చంద్రకాంతమ్మ వేపమండ వేషం చేతికిచ్చింది. "నీ కాళ్ల మీద పడినోడి తల మీద దీన్ని పెట్టి, 'పో, సల్లగా ఉండు' అను తల్లీ. అంతే. ఆ తర్వాత అందరూ కలిసి గుడికి పోదురు."

గంగాధరం పైగుడ్డ తీసి నడుముకు చుట్టుకున్నాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండు చేతులూ చాచి, కొడుకు పాదాల ముందు నేలకు నుదురు ఆనించాడు.

"అమ్మా, తప్పయిపోయింది తల్లీ. నీ మీద చెయ్యెత్తినా."

తండ్రి తల మీద పలచబడ్డ జుట్టు చెంగల్రాయుడికి కనబడింది. అంత దగ్గరగా, అలా పైనుంచి వాడెప్పుడూ చూడలేదు. వేపమండ పైకెత్తాడు. కిందికి దించలేకపోయాడు.

"ఎందుకమ్మినావు?" అని అడిగాడు.

జనంలో గుసగుసలు పుట్టాయి.

"కర్రోణ్ణి ఎందుకమ్మినావు? ఆ మాట సెప్పు ముందు."

"అమ్మ అడగతా ఉండాది గంగాధరం," అంది చంద్రకాంతమ్మ. "అమ్మ ముందు అబద్దం ఆడగూడదు. ఏదో ఒకటి సెప్పు."

నేలకానిన తల లేవలేదు. గంగాధరం ఏం చెబుతాడు? నేనే అమ్మానంటే అమ్మవారి ముందు అబద్ధం. అమ్మలేదంటే ఆ పక్కనే ఇంకొకరి పేరు చెప్పాలి.

"సెప్పు!" చెంగల్రాయుడు అరిచాడు.

"ఆయన్ని అడగొద్దు తల్లీ."

గడప దాటి యశోదమ్మ వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది. వచ్చి మొగుడి పక్కన నేల మీద కూలబడింది.

"మీ నాయన అమ్మలా. మోకు ఇప్పి ఇచ్చింది నేను."

చెంగల్రాయుడి చేతిలో వేపమండ కదిలింది.

"మీ నాయన ముందే ఈ ఊరికొచ్చి పన్లో చేరినాడు. అప్పుడు వచ్చినాడు ఆ తరగరి, ముసిలి గొడ్లని కొని కటికోళ్లకి అమ్మేవోడు. కాళ్లలో సత్తువ పోయిన ముసిలెద్దుని ఎవురు మేపుతారు? మామోళ్లు మాకొద్దన్నారు. నేనే ఇచ్చేసినా. నువ్వు బడికి పోయుండావు. అది పోతా పోతా రెండుసార్లు వెనక్కి తిరిగి సూసింది. మీ నాయన మమ్మల్ని తీసకపోయేదానికి వచ్చి, దాన్ని కట్టేసే గూటం ఉత్తగా ఉండేది సూసి, ఆ రోజంతా కూడు తినలా. నన్ను ఒక్క మాట అనలా." ఆమె గుండెలు బాదుకుంది. "నువ్వు అడిగినప్పుడు భయపడినా. ఈ ఊళ్లో నీకు ఎవురూ లేరు, అమ్మ కూడా సెడ్డదైతే ఇంకెవురుండారని మీ నాయన పేరు సెప్పినా."

"మరి నిన్న... నిన్న ఎందుకు కొట్టినాడు?"

"నిన్న నేను ఈ గడప మీదనే హారతి పళ్లెంతో నిలబడుండా. కర్రోడి పేరు నీ నోట్లోంచి రాంగానే నా చేతిలో పళ్లెం వాలిపోయింది. ఇంకో మాట నువ్వనుంటే వీధిలోకొచ్చి అంతా సెప్పేసుందును. అది మీ నాయన సూసినాడు. నీ నోరు మూసేదానికి కొట్టినాడయ్యా. నన్ను కాపాడేదానికి."

బొగ్గు పూసుకున్న పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

చెంగల్రాయుడు కిందికి చూశాడు. ఏ తప్పూ చెయ్యని మనిషి తల తన పాదాల దగ్గర ఉంది. ఎర్రగా మిగిలిపోయిన ఆ అరచెయ్యి నేల మీద వెల్లకిలా ఉంది.

"లెయ్ నాయనా," అన్నాడు.

"నాయనా అనగూడదు!" చంద్రకాంతమ్మ హడలిపోయింది. "నువ్వు అమ్మవి. యాపాకు తల మీద పెట్టు. గుడికి పోయిరా. కుంకుమ దిగినాక ఎంతైనా మొక్కుకో."

"లెయ్ నాయనా. నా కాళ్ల కాడ నువ్వుండగూడదు."

"నువ్వు దీవిస్తే గాని లేవగూడదు తల్లీ," అన్నాడు గంగాధరం, తల ఎత్తకుండానే.

తండ్రి తనను తల్లీ అన్నాడు. ఈ ఊరు కోరినట్టే, ఈ ఊరి పద్ధతిలోనే అన్నాడు. నిన్న ఆ మాట కోసమే చెంగల్రాయుడి ప్రాణం కొట్టుకుంది. ఇవాళ అది చెవిన పడగానే వాడికి నాయన లేని పిల్లాడిలా దిక్కులేనట్టు అనిపించింది.

"రా అమ్మా, గుడికి పోదాం!" మలుపు దగ్గర బొగ్గు పిల్లలు కేక వేశారు. డప్పు మళ్లీ మొదలైంది. వాళ్లలో ఎవడూ అరవెద్దు అనలేదు.

చెంగల్రాయుడు వేపమండ పక్కన పెట్టేశాడు. అరుగు దిగి తండ్రి ఎదురుగా మట్టిలో కూర్చుని, ఆ ఎర్రటి చేతిని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు.

"నేను తల్లిని కాదు నాయనా. నన్ను పేరు పెట్టి పిలువు."

"వద్దు!" యశోదమ్మ కొడుకు మోకాళ్లు పట్టుకుంది. "మొక్కు పోతాదయ్యా! అమ్మవారు పోసిన పొద్దు నీ ఒళ్లు ఎట్లుండిందో నేను సూసినా. వద్దబ్బా, పిలవొద్దు, నీ కాళ్లు పట్టుకుంటా..."

"పిలువు నాయనా. నిన్న పిలిచినట్టే."

గంగాధరం తల ఎత్తాడు. నుదుటికి మట్టి అంటింది. ఒక పక్క పెళ్లాం ఏడుపు, ఇంకో పక్క డప్పు చప్పుడు, ఎదురుగా చెంప మీద తన నాలుగు వేళ్ల గుర్తుతో కొడుకు మొహం. వాడి కళ్లు తండ్రి పెదవుల మీదే ఉన్నాయి.

గంగాధరం నోరు తెరిచాడు.